ఐసీఎస్‌ఈ తొమ్మిది, పది: ఒక క్రిస్టియన్ హైస్కూల్లో మా అమ్మాయి చదువు

బెంగళూరులో పిల్లల్ని కాన్వెంట్‌లో వేద్దామనుకునే తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే. సీటు ఎలా దొరికింది, ఫీజు ఎంత. లోపల ఏం చెబుతారని అడిగేవాళ్లు తక్కువ. మా అమ్మాయి ఫ్రేజర్ టౌన్ వైపు కాథలిక్ సిస్టర్లు నడిపే ఒక గర్ల్స్ హైస్కూల్లో చదివి, పదో తరగతి ఐసీఎస్‌ఈ రాసింది. తొమ్మిదిలో సబ్జెక్టులు ఎంచుకునే ఫారం దగ్గర్నుంచి పది రిజల్ట్స్ దాకా మా ఇంట్లో ఆ చదువు ఎలా నడిచిందో రాస్తున్నాను. మనవాళ్లు బరువు ఉంటుందనుకునే చోట ఈ చదువులో బరువు ఉండదు. అది ముందే తెలిస్తే పిల్లకీ మంచిది, ఇంట్లోవాళ్లకీ మంచిది.

మాది గుంటూరు. లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి బడులు మొదలుపెట్టినప్పటి నుంచి మిషన్ చదువులు మావాళ్లకి అలవాటే. మా మామగారు గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీలోనే డిగ్రీ చేశారు. కాబట్టి క్రిస్టియన్ బడి మాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది బోర్డు. బెంగళూరు కంటోన్మెంట్ కాలం నుంచి ఉన్న సెయింట్ జోసెఫ్స్ (1858), బిషప్ కాటన్ (1865), బాల్డ్విన్ (1880) లాంటి స్కూళ్లన్నీ ఐసీఎస్‌ఈ చెప్పేవే. ఈ బోర్డు 1958లో ఏర్పడింది. అంతకు ముందు ఇలాంటి స్కూళ్ల పిల్లలు ఇంగ్లాండ్ నుంచి వచ్చే కేంబ్రిడ్జ్ పరీక్ష రాసేవారు. దాని స్థానంలో మన దేశంలోనే ఒక పరీక్ష ఉండాలని దీన్ని పెట్టారు. ఇంగ్లిష్ సాహిత్యానికీ, చరిత్రకీ, భూగోళానికీ ఇక్కడ అంత చోటు దక్కడానికి కారణం ఆ పుట్టుకే అని నా నమ్మకం.

ఎనిమిదో తరగతి చివర్లో తల్లిదండ్రుల్ని పిలిచి ఫారం చేతిలో పెట్టారు. మూడు గ్రూపులు. మొదటి గ్రూపు అందరికీ తప్పదు: ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్, హిస్టరీ-సివిక్స్-జాగ్రఫీ. రెండో గ్రూపులో ఒక జాబితా నుంచి రెండు సబ్జెక్టులు. మా స్కూల్లో ఎక్కువమంది మ్యాథ్స్, సైన్స్ పెడతారు, మేమూ అదే పెట్టాం. మూడో గ్రూపులో ఒకటే: కంప్యూటర్ అప్లికేషన్స్, ఎకనామిక్ అప్లికేషన్స్, ఆర్ట్, ఫిజికల్ ఎడ్యుకేషన్ లాంటి వాటిలోంచి. బోర్డు జాబితా పొడుగ్గానే ఉంటుంది కానీ స్కూల్లో టీచర్ ఉన్న సబ్జెక్టులే మనకి అందేవి. మొదటి రెండు గ్రూపుల్లో 80 మార్కులు బోర్డు పరీక్షకి, 20 ఇంటర్నల్‌కి. మూడో గ్రూపులో సగం సగం. ఇవి కాక ఎస్‌యూపీడబ్ల్యూ అని ఇంకొకటి ఉంది, దాని సంగతి కిందకి చెబుతాను.

మా అమ్మాయి మూడో గ్రూపులో ఎకనామిక్ అప్లికేషన్స్ పెడతానంది. ఆ రాత్రే గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, కంప్యూటర్ వదిలేస్తోందంట? రేపు ఇంజనీరింగ్‌కి ఎలా?"

"పదిలో జావా చదవకపోయినా పదకొండులో మొదట్నుంచీ చెబుతారు బావగారూ. దానివల్ల ఇంజనీరింగ్ దారి మూసుకుపోదు."

"సరే, ఫౌండేషన్ కోర్సులో అయినా చేర్చండి. హిస్టరీ, జాగ్రఫీ ఎంసెట్‌లో ఎవరడుగుతారమ్మా?"

ఆయన మా మంచి కోరే అడిగారు. వాళ్లబ్బాయి చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున్నుంచి రాత్రి దాకా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీనే. మా అమ్మాయి టైం టేబుల్ ఫొటో పంపిస్తే ఆయనకి నమ్మకం కుదరలేదు. అందులో ఇంగ్లిష్‌కి లాంగ్వేజ్ వేరు, లిటరేచర్ వేరు. హిస్టరీ-సివిక్స్ ఒక పేపర్, జాగ్రఫీ ఇంకో పేపర్. వీటికి తోడు వాల్యూ ఎడ్యుకేషన్, లైబ్రరీ, పీటీ. సాయంత్రం ఫౌండేషన్ కూడా పెడితే ఈ పీరియడ్లలో చెప్పింది ఇంటికొచ్చి చదువుకునే టైమే ఉండదు. స్కూల్ దేనికి టైం ఇస్తోందో ఇంట్లో కూడా దానికే ఇవ్వాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. కోచింగ్ పెట్టలేదు.

సెకండ్ లాంగ్వేజ్ విషయంలో ఇక్కడి తెలుగువాళ్లకి ఒక చిక్కు ఉంది. ఐసీఎస్‌ఈ జాబితాలో తెలుగు ఉంది, కానీ మా స్కూల్లో లేదు. కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం స్కూళ్లలో కన్నడం నేర్పాలి కూడా. మా అమ్మాయి చిన్న క్లాసుల నుంచీ కన్నడమే తీసుకుంది. లిపి మన లిపికి అంత దగ్గరగా ఉండటం వల్ల చదవడం తొందరగానే పట్టుబడింది. ఇబ్బందల్లా వ్యాకరణం, హళగన్నడం (పాత కన్నడం) పద్యాల దగ్గర వచ్చింది. హిందీ తేలికని మార్చుకున్న తెలుగు పిల్లలున్నారు. మేం మార్చలేదు. ఉండేది ఈ ఊళ్లో, పక్కింటి అజ్జితో (బామ్మతో) మాట్లాడేది ఆ భాషలో. తెలుగు చదవడం రాయడం మాత్రం ఇంట్లో నేనే నేర్పాను. ఆదివారం చర్చిలో కీర్తనల పుస్తకం చూసి పాడగలిగితే చాలని మొదలుపెట్టాం. ఇప్పుడు వాళ్ల నాయనమ్మకి ఉత్తరం కూడా రాస్తుంది.

తొమ్మిదిలోనే బోర్డుకి రిజిస్ట్రేషన్ జరుగుతుంది. పేరు, పుట్టిన తేదీ, సబ్జెక్టులు ఒకసారి వెళ్లాక మార్పించుకోవడం కష్టం. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకో కాగితంలో పూర్తిగా ఉంటుంది. స్కూల్ వాళ్లు ప్రింటవుట్ పంపి సంతకం అడిగినప్పుడు బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. మేం ఆధార్‌లో ముందే సరిచేయించి ఉంచడం వల్ల ఇబ్బంది రాలేదు.

ఇక మత బోధన గురించి అందరికీ ఉండే అనుమానం. వారంలో ఒక పీరియడ్ కాథలిక్ పిల్లలు కాటెకిజంకి, అంటే వాళ్ల మత పాఠానికి, వెళ్తారు. మిగతా పిల్లలకి అదే సమయంలో వాల్యూ ఎడ్యుకేషన్, వెనకటి పేరు మోరల్ సైన్స్. దేనికీ బోర్డు మార్కులు లేవు. మేం క్రైస్తవులమే కానీ కాథలిక్కులం కాము కాబట్టి, ఎందులో కూర్చోబెట్టమంటారని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ మమ్మల్నే అడిగారు. అది మర్యాద మాత్రమే కాదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి స్కూళ్లు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అలాగే 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూల్లోనైనా పెద్దవాళ్ల అనుమతి లేకుండా పిల్లల్ని మత బోధనలో, ప్రార్థనలో పాల్గొనమని పట్టుబట్టకూడదు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్న మాటలే.

వాల్యూ ఎడ్యుకేషన్ అని రాసి సంతకం పెట్టాను. మా అత్తగారికి అది నచ్చలేదు. "సిస్టర్ల బడిలో వేసి బైబిల్ క్లాసుకి పంపకపోవడం ఏంటమ్మా?" అన్నారు. కాటెకిజంలో చెప్పేది కాథలిక్ పిల్లలకి వాళ్ల సంస్కారాలకి తయారీ అనీ, మన పిల్లకి కన్ఫర్మేషన్ (చర్చిలో విశ్వాసం ఒప్పుకునే వేడుక) పాఠాలు మన పాస్టర్‌గారు చెబుతారనీ వివరించాను. ఆ వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్‌లో హిందూ, ముస్లిం, జైన పిల్లలతో కలిసి కూర్చుని అబద్ధం గురించీ, స్నేహంలో అసూయ గురించీ, ఇంట్లో పనిమనిషితో మాట్లాడే తీరు గురించీ చర్చించుకునేవారు. ఇంటికొచ్చి ఎక్కువ కబుర్లు చెప్పింది ఆ పీరియడ్ ఉన్న రోజునే.

హిస్టరీ గురించి కాస్త వివరంగా రాయాలి. తొమ్మిదో తరగతిలో హరప్పా, బౌద్ధ జైనాలు, మౌర్యులు, గుప్తులు, చోళులు, మొగలులు, ఆ తర్వాత ఐరోపాలో రినైసాన్స్ (సాంస్కృతిక పునరుజ్జీవనం), రిఫర్మేషన్ (క్రైస్తవ మత సంస్కరణ ఉద్యమం). పదిలో 1857 నుంచి స్వాతంత్ర్యం దాకా, రెండు ప్రపంచ యుద్ధాలు, ఐక్యరాజ్యసమితి. సివిక్స్‌లో పార్లమెంటు, రాష్ట్రపతి, కోర్టులు.

రిఫర్మేషన్ పాఠం జరిగిన రోజు బ్యాగ్ పక్కన పడేస్తూనే, "అమ్మా, ఇవాళ మనవాళ్ల పాఠం!" అంది. 1517లో మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గ్‌లో 95 వాదనలు బయటపెట్టడం, రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టడానికి డబ్బు కోసం పాపక్షమాపణ పత్రాలు అమ్మడం, అన్నీ చెప్పారట. చెప్పిన టీచర్ కాథలిక్. క్లాసు గోడ మీద పోప్‌గారి పటం ఉంది. నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ మిస్‌ని అడిగితే ఆవిడ మామూలుగా, "పరీక్షలో కారణాలు రాయమంటారు మేడమ్. చర్చిలో జరిగిన తప్పులు కూడా ఆ కారణాల్లో ఉన్నాయి. అవి దాచిపెట్టి పాఠం ఎలా చెబుతాను?" అన్నారు. ఆ తర్వాత కాథలిక్ చర్చి తనను తాను దిద్దుకున్న సంగతి, 1545లో మొదలైన ట్రెంట్ సభ, ఇగ్నేషియస్ లయోలా స్థాపించిన జెస్యూట్లు అనే గురువుల సంఘం, అవి కూడా అంతే శ్రద్ధగా చెప్పారు. మా పిల్ల, ఒక కాథలిక్ స్నేహితురాలు కలిసి ఆ పాఠం మీదే చార్టు చేశారు. అక్టోబరు చివర్లో మా చర్చిలో రిఫర్మేషన్ ఆదివారం వచ్చినప్పుడు మా అత్తగారికి ఫోన్లో ఆ కథంతా తేదీలతో సహా వినిపించింది. "ఇదంతా ఆ సిస్టర్లే చెప్పారా?" అని ఆవిడ మళ్లీ మళ్లీ అడిగారు. బైబిల్ క్లాసు బెంగ అక్కడితో తీరింది.

జాగ్రఫీలో పదో తరగతికి టోపోషీట్ ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల మ్యాపు. 45డి/7, 45డి/10 అనే షీట్లు, రాజస్థాన్ గుజరాత్ సరిహద్దు దగ్గరి ప్రాంతం. స్కేలు 1:50,000, అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పరీక్షలో ఆ మ్యాపు ముక్క ఇచ్చి, ఫలానా గుడికి ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపు గళ్ల అంకెలతో ఆ చోటు చెప్పడం) రాయమంటారు, రెండు ఊళ్ల మధ్య దూరం కొలవమంటారు, ఇక్కడి జనం ఏం చేసి బతుకుతుంటారో మ్యాపులోంచే చెప్పమంటారు. బట్టీ పడితే వచ్చే మార్కులు కావివి.

మా నాన్నగారు ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. సాగర్ కుడి కాలువ మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన మా ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లో హాల్లో చాప మీద ఆ షీట్ పరిచి ఇద్దరూ కూర్చునేవారు. రోడ్డు వంకరగా ఉన్నచోట స్కేలు పనికిరాదు కాబట్టి దారప్పోగు ఆ వంకర వెంట పరిచి, తీసి స్కేలు మీద పెట్టి కొలవాలి. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు గోధుమ రంగులో ఉంటాయి, గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు. గీతలు ఒత్తుగా ఉంటే నిట్టనిలువు గుట్ట, దూరం దూరంగా ఉంటే చదును. పసుపు రంగు సాగు భూమి, ఎరుపు ఇళ్లు, నీలం నీళ్లు.

"తాతయ్యా, ఈ వాగు నల్లగా ఎందుకేశారు?"

"అందులో వానాకాలమే నీళ్లుంటాయమ్మా. ఇప్పుడు చూడు, ఊళ్లు ఎక్కడున్నాయో."

పిల్ల వేలు పెట్టి వెతికింది. ఎర్ర చుక్కల చుట్టూ చిన్న చిన్న నీలం గుండ్రాలు, అంటే ఎండాకాలం కూడా నీళ్లుండే కట్టుడు బావులు. వాగులో నీళ్లు నిలవవు కాబట్టి బావి ఉన్నచోట ఊరు కట్టుకున్నారని తనే చెప్పింది. నాన్నగారు అక్కడితో ఆగలేదు. పెన్సిల్ ఇచ్చి, "ఈ చెరువు నుంచి ఆ పొలాలకి కాలువ తియ్యి" అన్నారు. తను తిన్నగా గీత గీసేసింది. "అట్లా గుట్ట ఎక్కుతాయా నీళ్లు? కాలువ కాంటూరు వెంటే పోవాలి, పోతూ పోతూ కొంచెం కొంచెం దిగాలి. మన కుడి కాలువ అన్ని వంకర్లు ఎందుకు తిరుగుతుందనుకున్నావ్?" ఆ సాయంత్రం నాకు కళ్ల ముందే ఉంది. ఆయన ఉద్యోగమంతా ఏ గీతల మీద నడిచిందో అది పదో తరగతి పుస్తకంలో ఉందని మాకెవరికీ తెలియదు.

ఇంగ్లిష్ లాంగ్వేజ్ పేపర్‌లో 300 నుంచి 350 మాటల వ్యాసం, ఉత్తరం, నోటీసు, ఈమెయిల్, ప్యాసేజీ, గ్రామర్. ప్యాసేజీ చదివి 50 మాటలకు మించకుండా సారాంశం రాయాలి, అదీ గళ్లు గీసుకుని గడికి ఒక మాట చొప్పున. మాట ఎక్కువైతే గడి ఉండదు. మా పిల్లకి వాగుడెక్కువ, దీని దగ్గర బాగా కష్టపడింది, బాగుపడిందీ దీని దగ్గరే. లిటరేచర్‌లో షేక్స్‌పియర్ నాటకం ఒకటి రెండేళ్లపాటు సాగుతుంది, వాటితో కథలు, కవితలు. గైడ్లు మార్కెట్లో బోలెడు. వాళ్ల మిస్ మాత్రం పిల్లలకి పాత్రలు పంచి పైకి చదివించేవారు, నాటకం నోటికొచ్చాకే ప్రశ్నల్లోకి వెళ్లేవారు.

సైన్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ వేరు వేరు పేపర్లు, మూడింటి సగటు సైన్స్ మార్కు. మ్యాథ్స్‌లో మామూలు పాఠాలతో పాటు జీఎస్టీ, రికరింగ్ డిపాజిట్, షేర్లు-డివిడెండ్లు ఉంటాయి. ఎకనామిక్ అప్లికేషన్స్‌లో డిమాండు, సప్లయి, పన్నులు, ద్రవ్యోల్బణం, బ్యాంకులు చదువుతున్నందువల్ల ఆ లెక్కలు తనకి తేలికయ్యాయి.

ఎస్‌యూపీడబ్ల్యూ అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని. దీనికి స్కూలే గ్రేడ్ వేసి బోర్డుకి పంపుతుంది. ఇందులో పాస్ కాకపోతే మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చినా పాస్ సర్టిఫికెట్ రాదు. వీళ్ల బ్యాచ్‌కి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బైండింగ్ చేసే పని ఇచ్చారు. మైదా పిండితో జిగురు కాచడం, దబ్బనంతో కుట్టడం, అట్ట వేసి బరువు కింద పెట్టడం. ఇంట్లో నా పాత వంటల పుస్తకానికి కూడా అట్ట వేసిపెట్టింది. ఇంకో బ్యాచ్ వృద్ధాశ్రమానికి వెళ్లి పెద్దవాళ్లకి పేపర్ చదివి వినిపించేది. టైం వేస్ట్ అని కొందరు తల్లిదండ్రులు మీటింగ్‌లో అన్నారు. నేను లేచి కాదని చెప్పాను. చేత్తో పని చేయించే స్కూళ్లు మన పిల్లలకి అరుదుగా దొరుకుతున్నాయి.

పదో తరగతి రెండో సగం మాత్రం నిజంగా టెన్షన్‌గానే గడిచింది. ప్రతి సబ్జెక్టుకీ ఇంటర్నల్ ప్రాజెక్టులు, అన్నీ ఇంచుమించు ఒకేసారి. జనవరిలో ప్రిలిమ్స్, అంటే స్కూలు పెట్టే నమూనా పరీక్షలు, ఆ వెనకే బోర్డు. ప్రాజెక్టులు తొమ్మిది సెలవుల్లో, పది మొదట్లోనే ఒక్కొక్కటి ముగించుకోగలిగితే పిల్లకి రాత్రిళ్లు నిద్ర ఉంటుంది. ఇవి నెట్‌లోంచి దించి రాస్తే టీచర్లు వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఇట్టే పట్టేస్తారు.

ఐసీఎస్‌ఈలో పాస్ మార్కు 33 శాతం. మొత్తం శాతం చూసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌ని తప్పనిసరిగా కలిపి, మిగతావాటిలో ఎక్కువ వచ్చిన నాలుగింటిని తీసుకుంటారు. మా అమ్మాయికి హిస్టరీ-జాగ్రఫీ, ఎకనామిక్స్, ఇంగ్లిష్ బాగా పైన నిలిచాయి. కన్నడం కూడా అనుకున్నదానికంటే మెరుగ్గా వచ్చింది. సైన్స్ మామూలుగా వచ్చింది. పీయూసీలో, అంటే ఇక్కడి ఇంటర్‌లో, హెచ్‌ఈపీఎస్ తీసుకుంటానంది, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ. భాషల్లో ఇంగ్లిష్, కన్నడం. బావగారు ఫోన్ చేసి చాలాసేపు తనతోనే మాట్లాడారు. "నీకు ఇష్టమైతే చదువు తల్లీ, కానీ బాగా చదువు" అన్నారట.

మీ పిల్లని ఇలాంటి స్కూల్లో చేర్చే ఆలోచన ఉంటే, ఎనిమిదో తరగతి మొదట్లోనే ఆఫీసులో అడిగి తెలుసుకోండి: సెకండ్ లాంగ్వేజ్‌గా ఏవేవి చెబుతారు, మూడో గ్రూపులో ఏ సబ్జెక్టులకి టీచర్లున్నారు, ఎంతమంది చేరితే ఆ సబ్జెక్టు నడుపుతారు, కాటెకిజంకి వెళ్లని పిల్లలకి ఆ పీరియడ్‌లో ఏం చెబుతారు. బోర్డు వెబ్‌సైట్‌లో సిలబస్ ఉచితంగానే దొరుకుతుంది. హిస్టరీ, జాగ్రఫీ పేజీలు ప్రింట్ తీసి పిల్లతో కలిసి చదవండి. రిజల్ట్స్ తర్వాత మార్కుల పత్రం, పాస్ సర్టిఫికెట్, మైగ్రేషన్ డిజీలాకర్‌లోకి వస్తాయి. పీయూ అడ్మిషన్‌కి పరిగెత్తేటప్పుడు అవి ఫోన్లో ఉంటే సగం పని అయిపోతుంది.